అంచులు కోసిన పుస్తకం

ఆ పొద్దు నాగవేణికి ముద్ద దిగలేదు. నిన్న జుమ్మా నమాజు నుంచి తిరిగొచ్చిన పక్కీరప్ప, ఆమెకు బైండు పని నేర్పే ముసలాయన, ఆమె కుట్టిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఒక్కసారి నడిపి, పల్లెత్తు మాట అనకుండా బల్ల మీద పెట్టేశాడు.

తిట్టి ఉంటే బాగుండేది. పక్కీరప్ప చేత తిట్లు తిన్నవాళ్ళు మరునాడు మళ్ళీ పనిలో కూర్చోవచ్చు. మాట మానేస్తేనే భయం. వెనకటికి ఒక శిష్యుడు బంక దండిగా పూసి, ఆకులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయేలా చేశాడట. ఇరవై రెండేళ్ళయింది. ఆ శిష్యుడి పెళ్ళికి పోలేదు, వాడి బిడ్డ పెళ్ళికీ పోలేదు. ఎవరైనా ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ "ఎవురు?" అంటాడు.

నాగవేణి తెలుగులో ఎమ్మే చదివింది. పక్కీరప్పకు సంతకం పెట్టడం తప్ప మరేమీ రాదు. అది కూడా ఊపిరి బిగబట్టి పెడతాడు. పాత పుస్తకాలు ఇంట్లోనే బాగుచేసుకునే పని నేర్చుకోవాలని ఆమె నాలుగు నెలలుగా ఆయన వసారాలో కూర్చుంటోంది. కుట్టు వచ్చింది, అట్ట వేయడం వచ్చింది. నిన్న నమాజుకు బయల్దేరుతూ ఆ పుస్తకం ఆమె ముందు పెట్టి ఆయన చెప్పింది ఒక్కటే.

"కుట్టు మాత్తరమే వెయ్యి. అంచుల జోలికి పోవద్దు."

పోయింది. చెక్కభజన నేర్పే గురువొకాయన చేత్తో రాసుకున్న పాటల పుస్తకం అది. రాత గుండ్రంగా, చక్కగా ఉంది. అంచులే అసహ్యం. చుక్కలు, గీతలు, పాళీ నడుస్తుందో లేదో చూసుకున్నట్టు సిరా మరకలు. మూడు పక్కలా కాస్త తీసేస్తే ఎంత శుభ్రంగా ఉంటుందో కదా అనుకుంది. పలకల మధ్య బిగించి కత్తి పెట్టింది. అంచు నున్నగా మెరిసింది. రాలిన తునకలు ఊడ్చి, పొయ్యి పక్కనున్న గంపలో పోసింది. పొయ్యి పక్కన గంప మంటకు కాకపోతే మరెందుకు?

ఈ రోజు మనసు నిలవక గంట ముందే వచ్చింది. పక్కీరప్ప పొయ్యి ముందు కూర్చుని మైదా బంక కాస్తున్నాడు.

"వచ్చినా తాతా."

ఆయన తలెత్తలేదు. బంక బుడబుడమంది.

ఇంతలో వాకిట్లో చెప్పుల చప్పుడయింది. వచ్చింది ఓబులమ్మ, ఆ భజన గురువు కూతురు. గురువు పోయి ఏడాది కాలేదు.

"అయ్యిందా అన్నా? సోమవారం పిల్లోళ్ళు గజ్జె కట్టి ఆడాల," అంటూ పుస్తకం తీసుకుని కళ్ళకద్దుకుంది. తెరిచింది. నాలుగు ఆకులు తిప్పింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"అడుగులేవి?"

"ఏం అడుగులమ్మా?" నాగవేణి దగ్గరికి వచ్చి చూసింది.

"పక్కన మా నాయన పెట్టుకున్నాడు గదా! చుక్కంటే కుడికాలు, గీతంటే ఎడంకాలు. అడ్డగీతుంటే తిరగాల. పాటలు పిల్లోళ్ళకు నోటికి వచ్చు. అడుగులు మా నాయనొక్కనికే తెలుసు." ఓబులమ్మ ఆకుల అంచులు తడుముతోంది. "ఆయన పాయె. ఇవి గూడా పాయెనా?"

నాగవేణి గంప దగ్గరికి పరుగెత్తింది. గంప ఖాళీ. అడుగున చిటికెడు దుమ్ము. పక్కనే పొయ్యి భగభగ మండుతోంది. చెయ్యి దానంతటదే బూడిదలోకి పోబోయింది.

"కాల్తాది," అన్నాడు పక్కీరప్ప.

నిన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

నాగవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంచులు ఎలుకలు కొరికాయని చెప్పొచ్చు. ఆకులు చివికిపోయి రాలాయని చెప్పొచ్చు. ఓబులమ్మకు ఏం తెలుస్తుంది? ఒక్క క్షణం అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నేనే కోసినానమ్మా," అంది. "తాత వద్దని చెప్పినాడు. మరకలనుకుని కోసినా."

ఓబులమ్మ పుస్తకం మూసి గుండెకు హత్తుకుంది.

పక్కీరప్ప గరిటె పక్కన పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి పోయి, జుమ్మాకు తలకు కట్టుకునే తెల్లగుడ్డ మూట తెచ్చాడు. బల్ల మీద విప్పాడు. మూడు కట్టలు. సన్నటి కాగితపు తునకలు, ఒక్కొక్కటీ మడతలు తీసి, దువ్వినట్టు సాపు చేసి, దారంతో కట్టినవి.

నాగవేణి పొయ్యి వైపు చూసింది. అందులో మండుతున్నది శెనక్కాయల పొట్టు.

ఓబులమ్మ ఒక తునక తీసి వెలుతురుకు పట్టింది. చుక్క, చుక్క, గీత. నేల మీద ఆమె పాదం మెల్లగా కదిలింది.

"అవి అడుగులని నీకెట్ల తెలిసింది తాతా?" అంది నాగవేణి.

"నాకేం తెలుసు?" పక్కీరప్ప బంకగిన్నె తెచ్చి నాగవేణి ముందు పెట్టాడు. "సదువు రానోన్ని. ఏది అచ్చరమో ఏది మరకో సెప్పలేను. అందుకే ఏదీ పారెయ్యను."

ఓబులమ్మ వైపు తిరిగి, "సోమవారం పొద్దునకు అతికిచ్చి ఇస్తాదిలేమ్మా. కోత కాడ మరకకు మరక కలవాల. నేను సెయ్యి పెట్టను," అన్నాడు. "ఆ ఎమ్మేతో మాట్లాడాల్నో లేదో గూడా అప్పుడే సూస్తా."

నాగవేణి పీట లాక్కుని కూర్చుంది. మొదటి తునకను రెండు చేతులతో అందుకుంది. చుక్కలున్న వైపు చూసింది. తర్వాత దాన్ని తిప్పి, ఏమీ లేని వెనక వైపును కూడా చాలాసేపు చూసింది.