ఒడిమెట్ట తల్లికి వీపు పెట్టిన రాతిదూడ

నల్లమల తూర్పు అంచున, పచ్చిక బయలు మధ్యలో ఉన్న ఒడిమెట్టకు గోపురం లేదు. గుండ్రని ముళ్ళకంచె, కంచె లోపల గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, కంచె బయట మోకాలెత్తు రాతిదూడ, ఇదే క్షేత్రం. ఆ దిబ్బనే ఒడిమెట్ట తల్లిగా కొలుస్తారు. పూజారితో సహా ఎవరూ కంచె దాటరు. శివాలయాల్లో నంది స్వామి వైపు చూస్తాడు. ఇక్కడి దూడ మాత్రం తల్లికి వీపు పెట్టి, ఎగువన ఉన్న పచ్చిక వైపు చూస్తుంది. విగ్రహాన్ని పొరపాటున తిప్పి నిలిపారని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు. అది పొరపాటు కాదు. ఆ దూడ అటు ఎందుకు చూస్తుందో తెలిస్తే ఈ క్షేత్ర మహిమ తెలిసినట్టే.

పూర్వం ఇక్కడ కంచె లేదు. చుట్టుపక్కల ఊళ్ళ పశువులన్నీ ఈ బయలులోనే మేసేవి. వాటిని కాచే బొల్లయ్య, అతని భార్య గురవమ్మ మెట్ట కింద దొడ్డి వేసుకొని ఉండేవారు. పశువు చనిపోతే దాన్ని ఘనంగా సాగనంపడం ఆనాటి ఆచారం. కళేబరాన్ని పసుపునీళ్ళతో కడిగి, దండ వేసి, తాళ్ళు కట్టి, మేళంతో బయలు పొడవునా ఈడ్చుకుంటూ పొలిమేర దాకా తీసుకువెళ్ళేవారు. చనిపోయింది ఆవైతే దాని దూడను వెనక నడిపించేవారు. తల్లిని సాగనంపని దూడ బెంగ పెట్టుకొని మేత ముట్టదని నమ్మేవారు.

ఒక ఏడు ఎండలు ముదిరి, తొలివానలు పడి, గడ్డి చిగురిస్తున్న వేళ మందలోని ఆబోతు ఉన్నట్టుండి కూలిపోయింది. ఒంటి మీద గాయం లేదు కానీ ముక్కు నుంచి నల్లటి రక్తం కారింది. మందలో సగం దాని సంతానమే కనుక ఊరంతా కదిలివచ్చి, ఎన్నడూ లేనంత ఘనంగా దాన్ని సాగనంపింది. కొద్ది రోజులకే ఆవులు పడసాగాయి. పడిన ప్రతిదానికీ మేళం పెట్టారు, ప్రతిదాన్నీ ఈడ్చారు. ఇలాగే సాగితే దున్నడానికి ఎద్దు, పిల్లలకు పాలు మిగలవని అందరికీ భయం పట్టుకుంది. ఏదో లోపం జరిగిందనుకొని మేళాన్ని ఇంకా పెద్దది చేశారు.

ఒక మధ్యాహ్నం బొల్లయ్య రేలచెట్టు నీడలో కునుకు తీశాడు. కలలో ఒక ముసలామె మాసిన గొంగడి కప్పుకొని, మెట్ట మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆమె ఒడిలో ఆబోతు తల ఉంది.

“పడినదాన్ని పడినచోటే ఒడిలోకి తీసుకుంటున్నాను. తాళ్ళు కట్టి లాక్కుపోతారేమిరా? మీరు లాగినప్పుడల్లా ఇంకొకటి పడుతుంది. కోయొద్దు, ఈడ్వొద్దు. మట్టి కప్పండి, ముళ్ళు వేయండి” అందామె.

నిద్రలేచిన బొల్లయ్య బయలులోకి వెళ్ళి, ఆవులు మేసి పడిన చోట్లన్నీ చూశాడు. అన్నీ ఈడ్చిన జాడ పక్కనే ఉన్నాయి.

అతను ఆ సంగతి ఊరికి చెప్పకముందే మెట్ట మీద చుక్క అనే ఆవు పడిపోయింది. అది గురవమ్మకు పుట్టింటివారు పెళ్ళిలో ఇచ్చినది. దానికి అప్పుడప్పుడే గడ్డి కొరుకుతున్న దూడ ఉంది. తాళ్ళు, డప్పులు తీసుకొని వచ్చిన ఊరివారికి బొల్లయ్య అడ్డం నిలబడి, తన కల గురించీ, జాడ గురించీ చెప్పాడు.

“ఈడ్చే ఓపిక లేదని చెప్పరాదా బొల్లన్నా? దానికి కల కూడా కనాలా?” అన్నాడు మేళగాడు సుంకన్న. కొందరు నవ్వారు.

గురవమ్మ నవ్వలేదు. “ఊళ్ళో ఆవులన్నిటికీ మేళం కట్టించావు. నా చుక్క దగ్గరికి వచ్చేసరికి నీకు కలొచ్చిందా? మావాళ్ళకు ఏమని చెప్పుకోను?”

“ఈరోజు దీన్ని కదిలిస్తే రేపు దేన్ని ఈడ్చాలో కూడా నువ్వే చెప్పు” అన్నాడు బొల్లయ్య.

ఆమె దూడను తేవడానికి దొడ్డికి వెళ్ళింది. అక్కడ తల్లి పోయిన దూడల గుంజలు ఒక్కటి తప్ప అన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటికి కట్టిన దూడలను ఇన్నాళ్ళూ తన చేత్తోనే విప్పి ఒక్కొక్క మేళం వెనకా నడిపించింది. నడిచినవాటిలో ఏదీ బతకలేదు. మిగిలింది చుక్క దూడ ఒక్కటే. తల్లి వాసన పసిగట్టి అది పలుపు తెగేలా గుంజుతోంది. గురవమ్మ ముడి మీద పెట్టిన చేయి వెనక్కి తీసుకుంది. దూడ గడ్డం పట్టుకొని, దాని ముఖాన్ని మెట్ట వైపు నుంచి మళ్ళించి, జాడ తగలని ఎగువ పచ్చిక వైపు తిప్పింది. తరవాత చుక్క రోజూ పడుకునే చోటి మట్టిని తట్టకెత్తుకొని మెట్టెక్కింది.

“తాళ్ళు చుట్టెయ్ సుంకన్నా. ఇది ఎక్కడికీ రాదు” అని మొదటి తట్ట తానే పోసింది.

మెట్ట రాతినేల. గొయ్యి తవ్వడం కుదరక ఎవరి దొడ్డి మట్టి వారు మోసుకొచ్చారు. అందరికన్నా ఎక్కువ తట్టలు మోసినవాడు సుంకన్నేనట. దిబ్బ మీద సున్నం చల్లి, చుట్టూ కంచె నాటి, ఈడ్చిన జాడ పొడవునా ముళ్ళకంప పరిచి, మందను ఎగువకు తోలారు. ఆ తరవాత పడిన ఒకటి రెండు ఆవులను కూడా పడినచోటే కప్పారు. వానలు ముగిసేలోగా చావులు ఆగిపోయాయి. తల్లి ఒడి పట్టిన మెట్ట కనుక దీనికి ఒడిమెట్ట అని పేరు వచ్చింది. చుక్క దూడ పెరిగి పెద్దదై ఈనింది. గురవమ్మ తాను తిప్పిన వైపే ముఖం ఉండేలా రాతిదూడను చెక్కించి నిలబెట్టించింది. ఇప్పుడు మందల్లో నుదుట తెల్లచుక్క ఉన్న ఆవులన్నీ ఆ దూడ సంతతేనని ఇక్కడివారు గట్టిగా చెబుతారు.

నేటికీ ఏటా తొలివానలకు ముందు తిరునాళ్ళు జరుగుతాయి. భక్తులు తమ ఇంటి నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, కంచె బయటి నుంచే దిబ్బ మీద వేస్తారు. పట్నంలో ఉండేవారు పూలకుండీలోని మట్టి తెచ్చినా తల్లికి సమ్మతమే. ఇక్కడి నుంచి మాత్రం గడ్డిపరక కూడా తీసుకుపోకూడదు. కంచె ముళ్ళు పదునైనవి కనుక చిన్నపిల్లల చేయి వదలకూడదు. ప్రసాదం మెట్ట దిగి చేతులు కడుక్కున్నాకే పెడతారు. తిరునాళ్ళ నాడే మందలకు దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, రాకుండా టీకాలు వేయిస్తారు. బయలులో పశువు హఠాత్తుగా పడితే ఎవరూ కోయరు, కదపరు. పశువైద్యుడికి కబురు పంపి, ఆయన చెప్పినట్టు అక్కడే లోతుగా, సున్నం వేసి పూడుస్తారు. దాన్నే తల్లి ఒడికి ఇవ్వడం అంటారు. ఆ మాట తప్పని ఊళ్ళలో మందలు నిండుగా ఉన్నాయి.

మట్టి వేశాక తల్లులు తమ పిల్లలను రాతిదూడ పక్కన నిలబెట్టి, గడ్డం పట్టుకొని, ముఖాన్ని పచ్చిక వైపు తిప్పుతారు. అలా తిప్పిన పిల్లలు ఎంత దూరాన పెరిగినా వారికి అన్నానికీ నీళ్ళకూ లోటు రాదు. పిల్లలను వెంట తీసుకురాలేనివారు పిల్లల గడ్డం పట్టే ఆ చేతిని రాతిదూడ గడ్డం కింద పెడతారు. అక్కడ రాయి అరిగి నున్నగా ఉంటుంది.