చిటుకుకి పని దొరికింది

తునికికోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, నెమళ్ళు, అడవిదున్నలు కలిసిమెలిసి బతికేవి. ఆ అడవికి పెద్ద గండయ్య అనే అడవిదున్న. కొండంత ఒళ్ళు, వంపు తిరిగిన కొమ్ములు. ఆయన తల ఎత్తి ఒక మాట అన్నాడంటే ఇంకెవరూ నోరు మెదిపేవారు కాదు.

అదే కోనలో భద్రమ్మ అనే ఎలుగుబంటి ఒంటరిగా ఉండేది. ఆమెకి పిల్లలు లేరు.

ఒక ఎండాకాలం గొర్రెల కాపరులు మందను తోలుకుంటూ కోన అంచు మీదుగా వెళ్ళారు. వాళ్ళ కుక్కపిల్ల ఒకటి దారి తప్పి అడవిలో ఉండిపోయింది. ఆకలికి కుయ్యోమంటున్న ఆ పిల్లను భద్రమ్మ నోట కరుచుకుని ఇంటికి తెచ్చుకుంది. ఎక్కడ చిటుక్కుమన్నా ఆ కుక్కపిల్ల చెవులు నిక్కబొడుచుకునేవాడు. అందుకని వాడికి చిటుకు అని పేరు పెట్టింది. "ఇక నుంచి నువ్వు నా కొడుకువిరా," అంది.

అబ్బో, ఆ కొడుకు! కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కుందేలు పిల్లలన్నిటినీ తరిమి తరిమి ఒక గుంటలో పోగేసేవాడు. నెమలి నడుస్తుంటే వెనక చేరి, తను అనుకున్న దారికే మళ్ళించేవాడు. ఎవరూ దొరకని రోజున ముళ్ళపంది సూరమ్మ ఇంటి గోడ తవ్వేవాడు. పాపం సూరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

"నీ కొడుకా, సుడిగాలా వదినా?" అని సూరమ్మ వచ్చి అరిచింది. "ఈ వారంలో నా గోడ మళ్ళీ కూలిందే!"

భద్రమ్మ గండయ్య దగ్గరకి వెళ్ళి ఏం చెయ్యమంటావని అడిగింది.

"ఒంట్లో కొవ్వు ఎక్కువైంది. కొండ చుట్టూ పరుగెత్తించు, అదే దిగుతుంది," అన్నాడు గండయ్య.

భద్రమ్మ వాణ్ణి దుప్పులతో పాటు పరుగుకి పంపింది. కొన్నాళ్ళకి దుప్పులు నాలుకలు బయటపెట్టి కూలబడ్డాయి. చిటుకు మాత్రం కండలు తిరిగి తయారయ్యాడు. ఇంతకు ముందు మధ్యాహ్నానికైనా అలిసిపోయేవాడు, ఇప్పుడు అదీ పోయింది.

"అయితే తీగతో కట్టెయ్," అన్నాడు గండయ్య.

కట్టేసింది. వాడు ముడిని కాసేపు తేరిపార చూశాడు. ఏ కొస లాగితే ఊడుతుందో కనిపెట్టి, పళ్ళతో లాగేసి పోయాడు. కోనంతా తిట్టిపోసింది. భద్రమ్మ కూడా పైకి తిట్టింది కానీ, లోలోపల "ఎంత బుర్రరా నీది!" అని మురిసిపోయింది.

ఇంతలో ముసురు పట్టింది. వానాకాలంలో తునికికోన జంతువులన్నీ పెద్ద గుహలో తలదాచుకోవడం అలవాటు. గండయ్య తన దూడ మల్లుతో వచ్చాడు. సూరమ్మ, కుందేళ్ళు, దుప్పులు వచ్చాయి. భద్రమ్మ చిటుకును వెంటబెట్టుకుని వచ్చింది.

గుహలోకి అడుగుపెట్టిన రోజే చిటుకు సూరమ్మ పడక చింపాడు, కుందేళ్ళు దాచుకున్న గడ్డి చెల్లాచెదురు చేశాడు. గండయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"విను భద్రమ్మా! ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే వీణ్ణి కోన దాటించేస్తాను," అన్నాడు.

భద్రమ్మ చిటుకును దగ్గరకి లాక్కుంది. కోన దాటితే చిరుతపులుల రాజ్యం. ఒంటరి కుక్కపిల్ల అక్కడ ఒక్క పూట బతకదు.

ఆమె మూలన కూర్చుని దిగులుగా ఒక చెదలు పట్టిన దుంగను గోళ్ళతో చీల్చింది. ఉఫ్ఫని దుమ్ము ఊదింది. వాసన పట్టి, లోపలి చెదపురుగులను జుర్రుకుంది. తల ఎత్తేసరికి ఎదురుగా చిటుకు. తల పక్కకి వాల్చి, కళ్ళు మెరిపిస్తూ, ఆమె గోళ్ళ వంకే చూస్తున్నాడు. అంతసేపూ వాడు కదలనే లేదు!

"ఓసి నా పిచ్చి బుర్రా!" అనుకుంది భద్రమ్మ. "నా కడుపు నింపుకోడానికి నేను పొద్దంతా తవ్వుతాను, ఊదుతాను, వెతుకుతాను. వీడికేమో ముద్దు కొద్దీ అన్నీ నోటి దగ్గరకి తెచ్చి పెడుతున్నాను. గుటుక్కున మింగేశాక వీడికి పనేముంది? మందను కాసే జాతివాడు. ఇక్కడ మందా లేదు, కాపలా లేదు. వీడిది పొగరు కాదు, తోచకపోవడం."

ఆ పూట నుంచే పద్ధతి మార్చింది. వాగు చేపను ఆకులో చుట్టి, దాన్ని ఇంకో ఆకులో చుట్టి ఇచ్చింది. చిటుకు ఒక్కో పొరా విప్పాడు. దుంప ముక్కలు వెదురు గొట్టంలో కూరి ఇచ్చింది. వాడు దాన్ని దొర్లించి, తలకిందులు చేసి, ముక్కలు రాల్చుకున్నాడు. అది తేలికైపోగానే గొట్టానికి ఆకు బిరడా పెట్టింది. నేరేడు పళ్ళు రాళ్ళ సందుల్లో దాచి "వెతుకు" అనేది. ఎంత దూరం తిరిగినా వాసన పట్టి తెచ్చేవాడు.

అన్నిటికంటే కష్టమైన ఆట "ఆగు". చేప ముందు పెట్టి ఆగమనేది. మొదట్లో చొంగ కార్చుకుంటూ, ఒళ్ళంతా వణికిపోతూ దూకేసేవాడు. భద్రమ్మ కొట్టలేదు, తిట్టలేదు. చేప తీసేసి మళ్ళీ మొదలుపెట్టేది. కొంచెం ఆగితే "శభాష్ రా నాన్నా" అని ఒళ్ళంతా నాకేది.

ఇలా కాసేపు ఆడితే చాలు, చిటుకు ఆమె ఒళ్ళో పడి గురక పెట్టేవాడు. కొండ చుట్టూ పరుగెత్తినా రాని నిద్ర అది.

"ఏం వదినా, కొడుకుని పంతులుగారిని చేస్తావా?" అని సూరమ్మ నవ్వింది. కానీ ఆమె పడక జోలికి ఇప్పుడెవరూ రావడం లేదు. ఆ సంగతి మాత్రం పైకి ఒప్పుకోలేదు.

గండయ్యకి ఈ ఆటలు నచ్చలేదు. "తిండి పెట్టడానికి ఇన్ని తిప్పలా? మా మల్లుని చూడు. నిలబడమంటే నిలబడతాడు. కడుపు నిండా మేత, తల మీద కప్పు. పిల్లలకి ఇంకేం కావాలి?"

భద్రమ్మ మల్లుని చూసింది. దూడ మొలక కొమ్ముల్ని రాతికి రుద్దుతూ, గుహ బయటికే చూస్తూ నిలబడి ఉంది.

"అన్నా, మీ వాడికీ తోచట్లేదు. ఏదైనా పని పెట్టు," అంది.

"తోచకపోవడమా? మా వంశంలో అలాంటివి లేవు!" అని గండయ్య ముక్కుపుటాలు ఎగరేశాడు.

మర్నాడు వాన జోరుగా కురుస్తోంది. గండయ్య కునికిపాటు పడి లేచేసరికి మల్లు లేడు. తోచక తోచక, వాన చూద్దామని బయటికి జారుకున్నాడు. వాగు పొంగి ఉరకలేస్తోంది. ఆ హోరు గుహలోకి వినిపిస్తోంది.

"మల్లూ!" అని కొండ అదిరేలా రంకె వేసి, గండయ్య ఎటు తోస్తే అటు పరుగెత్తాడు. దుప్పులు ఇంకో వైపు పరుగెత్తాయి. పాపం, అందరివీ పరుగులే.

భద్రమ్మ మల్లు పడుకున్న గడ్డిని చిటుకు ముక్కు ముందు పెట్టింది. "వెతుకు," అంది.

చిటుకు పరుగెత్తలేదు. వాన వాసనల్ని కడిగేసింది కదా. వాడు పొదల కిందకి, తడి తగలని చోటుకి ముక్కు దూర్చాడు. ఆగాడు. ఇంకో పొద. మళ్ళీ ఆగాడు. భద్రమ్మకి ప్రాణం గిలగిల్లాడుతున్నా తొందర పెట్టలేదు. అలా పొద వెంట పొద పట్టుకుని వాగు దాకా తీసుకెళ్ళాడు.

మల్లు వాగులోకి పొడుచుకొచ్చిన రాతి మీద ఉన్నాడు. భయంతో గడగడ వణుకుతున్నాడు. వెనక కాలు ఒక్క అడుగు జారిందా, వరద పాలే.

ఇంతలో గండయ్య వచ్చేశాడు. కొడుకుని చూసి రంకె వెయ్యబోయాడు.

"నోరు ముయ్యి!" అంది భద్రమ్మ. "నువ్వు అరిస్తే బెదిరి వెనక్కి అడుగేస్తాడు. నా కొడుకుని చెయ్యనీ."

కోనలో గండయ్యని అంత మాట అన్నవాళ్ళు లేరు. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

చిటుకు మల్లుని చూశాడు. దూకితే చాలు, పట్టుకోవచ్చు. వాడి కండలన్నీ దూకమనే అంటున్నాయి. భద్రమ్మ "ఆగు" అందామని నోరు తెరిచింది. అనే అవసరం రాలేదు. చిటుకు తనంతట తనే పొట్ట నేలకి ఆనించి, ముందు కాళ్ళ మీద గడ్డం పెట్టి పడుకున్నాడు. నెత్తిన వాన దంచి కొడుతున్నా తోక కూడా కదపలేదు.

మల్లు వణుకు తగ్గింది. ఎప్పుడూ గెంతే చిటుకు ఇలా పడుకున్నాడేమిటా అని ఒక అడుగు ముందుకేశాడు. చిటుకు ఒక జానెడు వెనక్కి పాకాడు. మల్లు ఇంకో అడుగు వేశాడు. చిటుకు మళ్ళీ పాకాడు. అలా అలా దూడ కాళ్ళు గట్టి నేల మీద పడ్డాయి. అప్పుడు చూడాలి చిటుకుని! చటుక్కున చుట్టు తిరిగి, మల్లుకీ వాగుకీ మధ్యన నిలబడి, మెల్లగా తోలుకుంటూ తండ్రి దగ్గరకి చేర్చాడు. ఎవరూ నేర్పని పని అది, వాడి పుట్టుకలోనే ఉంది.

భద్రమ్మకి ఛాతీ ఉప్పొంగింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కోనంతా వినేలా, "చూశారా? వాడు నా కొడుకు!" అంది.

గండయ్య దూడను తనివితీరా నాకాడు. తర్వాత, ఎవరి ముందూ వంచని తలని చిటుకు ముందు నేలకి తాకేలా వంచాడు.

"కోన దాటిస్తానన్నావు కదన్నా," అంది భద్రమ్మ.

"అన్నాను తల్లీ. నీ కొడుకు నా కొడుకుని తెచ్చాడు, నేను నీ కొడుకుని పారేద్దామనుకున్నాను. బుద్ధి లేనివాణ్ణి నేనే," అన్నాడు గండయ్య. "వానాకాలంలో పిల్లల కాపలా ఇకనుంచి వాడిదే. మరి మా మల్లుకి కూడా ఏదైనా పని చెప్పవూ?"

ఆ సాయంత్రం గుహలో పిల్లలన్నీ భద్రమ్మ చుట్టూ చేరాయి. మల్లు ముందు ఆకుల పొట్లం ఉంది. వాడికి పొరలు విప్పడం చేతకావడం లేదు. గండయ్య పక్కనే కూర్చుని, ఎంత మనసు లాగినా విప్పి పెట్టకుండా, ఓపిగ్గా చూస్తున్నాడు.

నీతి: తెలివైన పిల్ల అల్లరికి తాడు మందు కాదు, బుర్రకి తగిన పని పెట్టి దగ్గరుండి నేర్పితే, ఆ అల్లరే అందరికీ అండ అవుతుంది.