రెండు గిన్నెల గుజ్జు

వేదవల్లిగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతికి ఒక పని ఇస్తారు. రాగం మనసుకి పట్టడం లేదన్న ఒకామె చేత చిక్కుడుకాయల ఈనెలు తీయించారు. తాళం ఎందుకు జారిపోతోందని అడిగిన ఒకాయన చేత మేడ మీద బట్టలు ఆరవేయించారు. కొందరికి ఆ పనిలోనే జవాబు దొరికేది. దొరకనివాళ్ళు కనీసం చిక్కుళ్ళు బాగుచేశామన్న తృప్తితో ఇంటికి వెళ్ళేవారు. విజయనగరంలో ఆవిడ దగ్గర గాత్రం నేర్చుకున్నవాళ్ళకి ఇది మామూలే.

హైమవతి ఆవిడ దగ్గర పందొమ్మిదేళ్ళుగా ఉంది. వయసు నలభై రెండు. రెండు వందల కీర్తనలు పుస్తకం చూడకుండా పాడుతుంది. పక్కగదిలో ఎవరి స్వరమైనా వెంట్రుకవాసి జారితే ఇక్కడ ఆమె నొసలు ముడిపడుతుంది. ఐదేళ్ళుగా చిన్నపిల్లల క్లాసు, అంటే సరళీ స్వరాలతో మొదలుపెట్టేవాళ్ళ క్లాసు, ఆమే చెబుతోంది. ఈ ఏడు గురువుగారికి మోకాళ్ళు పట్టేయడంతో సాయానికి కుసుమ అనే అమ్మాయి వచ్చి చేరింది. కుసుమకి ఇరవై ఆరు. పాట మొదలుపెట్టి నాలుగేళ్ళు కాలేదు. వర్ణం పాడితే ఊపిరి తీసుకోకూడని చోట తీసుకుంటుంది. అయినా మూడు నెలలు తిరిగేసరికి పిల్లలు ఒక్కొక్కళ్ళే జరిగి కుసుమ చాప మీదికి చేరారు. హైమవతి ముందు నలుగురు మిగిలారు. ఆ నలుగురూ పక్క చాప వైపు చూస్తూ పాడుతున్నారు.

ఒక గురువారం పొద్దున్న హైమవతి పాఠం వేళకి గంట ముందే వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. నాలో లోపం ఏమిటి? ఆ కుసుమకి గాంధారం గాంధారంలా పలకదు. ఆ పిల్లలకి నేను నేర్పినంత శుద్ధంగా ఈ ఊళ్ళో ఎవరు నేర్పుతారు? మరి దాని దగ్గరికే ఎందుకు పరిగెడుతున్నారు? దసరా నుంచి క్లాసు మొత్తం దానికే అప్పజెప్తారని అందరూ అనుకుంటున్నారు. అదే నిజమైతే ఇప్పుడే చెప్పేయండి. రేపటి నుంచి నేను రాను."

ఊరికే బెదిరింపుకి అన్న మాట కాదు. వెనక్కి ఇచ్చేద్దామని గురువుగారి నొటేషన్ పుస్తకాలు సంచిలో సర్దుకునే వచ్చింది.

వేదవల్లిగారు ఒళ్ళో ఉన్న ముని మనవడిని ఇటు తిప్పుకున్నారు. మనవరాలు ప్రణతి నెల రోజులుగా ఆ ఇంట్లోనే ఉంది. పిల్లాడికి ఏడో నెల. అన్నప్రాసన అయిన దగ్గర్నుంచి వాడి తిండి ఆ ఇంట్లో అందరి పనీ అయింది.

"వీడికి ఆకలేస్తోందే హైమా. వంటింట్లో పళ్ళున్నాయి. కాస్త గుజ్జు చేసి పెట్టు," అన్నారు గురువుగారు. అప్పుడే గేటు తీసుకుని వస్తున్న కుసుమని చూసి, "నువ్వూ రా. అక్క ఒక గిన్నె, నువ్వొక గిన్నె," అన్నారు.

హైమవతి మొహం మాడిపోయింది. కానీ గురువుగారి మాట. కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ప్రణతి గుమ్మంలో నిలబడి షరతులు చెప్పింది. ఉప్పు వద్దు, పంచదార వద్దు, తేనె అసలే వద్దు. ఆపిల్, అరటిపండు వాడికి అలవాటైనవే. కొత్త పండు మాత్రం ముట్టుకోవద్దు. కొత్తది పెడితే మూడు రోజులు అదొక్కటే పెట్టి చూడమన్నారు డాక్టరుగారు.

"ఇద్దరిని పెంచాను, నాకు తెలీదా," అంది హైమవతి.

నిజంగానే తెలుసు. ఆపిల్ కడిగి, తొక్క తీసి, గింజల దగ్గరి గట్టి భాగం కోసి పారేసింది. ముక్కలు అన్నీ ఒకే పరిమాణంలో తరిగింది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టి, గోరుతో నొక్కితే దిగేదాకా ఉడికించింది. మెత్తగా మెదిపి జల్లెడలో ఒకసారి దించి, తృప్తి కలక్క మళ్ళీ దించింది. కాచి చల్లార్చిన నీళ్ళు రెండు చెంచాలు కలిపింది. గిన్నెలో అది మీగడలా నిలబడింది. పోటీకి పెడితే బహుమతి వచ్చేదే.

కుసుమ ఒక చక్కెరకేళి ఒలిచి, ఫోర్కుతో నలిపింది. అంతే.

"ఉండలున్నాయి చూసుకో. గొంతుకి అడ్డంపడితే ఎవరు చూస్తారు?" అంది హైమవతి.

"అవునక్కా, నిజమే." కుసుమ మళ్ళీ మొదట్నుంచి నలిపింది. "మీది చూస్తుంటే నాకే తినెయ్యాలనుంది."

ఎదురు మాట్లాడితే ఒక దెబ్బ వేయొచ్చు. ఇలా ఒప్పేసుకునేవాళ్ళని ఏం చేస్తాం? హైమవతికి ఒళ్ళు ఇంకా మండింది.

హాల్లో ప్రణతి పిల్లాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెడకి గుడ్డ కట్టింది. పెద్దది కాబట్టి ముందు హైమవతి కూర్చుంది. చెంచాలో కొంచెం తీసి పెదవికి ఆనించింది. వాడు నోరు తెరవలేదు. ఆమె ఓరకంట కుసుమ వైపు చూసింది, నవ్వుతోందేమోనని. నవ్వడం లేదు. రెండో చెంచా లోపలికి తోసింది. వాడు నాలికతో బయటికి తోశాడు. మళ్ళీ కుసుమ వైపు చూసింది. మూడో చెంచాకి వాడు మొహం తిప్పేసి ప్రణతి చీరలో దాక్కున్నాడు. ఆపిల్ గుజ్జు గడ్డం మీదా, గుడ్డ మీదా, హైమవతి మోచేతి మీదా ఉంది. నోట్లో మాత్రం లేదు.

కుసుమ కూర్చుంది. "ఏరా నాయనా, అలకా? పోనీలే, నాకు తొందర్లేదు," అని చెంచా పట్టుకుని ఊరుకుంది. వాడు కాసేపటికి ఇటు తిరిగాడు. చెంచాని చూశాడు, కుసుమని చూశాడు, మళ్ళీ చెంచాని చూశాడు. తరవాత పిచ్చుకపిల్లలా నోరు తెరిచాడు. నాలుగు చెంచాలు తిన్నాడు.

"అరటిపండు కదా, తియ్యగా ఉంటుంది. ఎవరు పెట్టినా తింటాడు. ఇందులో గొప్పేముంది?" అంది హైమవతి.

"అయితే గిన్నెలు మార్చుకోండి," అన్నారు గురువుగారు.

మార్చుకున్నారు. కుసుమ చేతిలో ఆపిల్ మూడు చెంచాలు నిమ్మళంగా లోపలికి పోయింది. హైమవతి చేతిలో ఆ తియ్యటి చక్కెరకేళే తుపుక్కున వెనక్కి వచ్చింది. ఈసారి ఆమె కళ్ళజోడు మీదికి.

"దిష్టి తగిలినట్టుంది అమ్మమ్మా," అంది ప్రణతి. ఆ మాట ఎవరికి గుచ్చుకోవాలో వాళ్ళకే గుచ్చుకుంది. హైమవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తల వంచుకుంది.

"వాడి మీద ఎవరి దృష్టీ లేదే. దిష్టెలా తగులుతుంది?" అన్నారు వేదవల్లిగారు. అని, "కుసుమా, వీధి చివర బండి మీద కరివేపాకు తెచ్చిపెట్టమ్మా," అని పంపించేశారు.

కుసుమ చెప్పుల చప్పుడు గేటు దాటింది. హైమవతి లేవబోయింది. గురువుగారు ఆపిల్ గిన్నె ఆమె ముందుకి జరిపారు.

"వాడు తినడండీ."

"తినకపోతే నువ్వే తిను. అంత కష్టపడి చేశావు."

ప్రణతి నవ్వింది. హైమవతికి నవ్వు రాలేదు గాని కూర్చుంది. ఇప్పుడు గెలవడానికి ఎదురుగా ఎవరూ లేరు. చూడ్డానికి పిల్లాడు తప్ప ఇంకేమీ లేదు. అందుకని వాడినే చూసింది. కింది చిగురులో రెండు పళ్ళు బియ్యపు నూకల్లా పొడుచుకొస్తున్నాయి. ముందు పెట్టినదే ఇంకా చప్పరిస్తున్నాడు. ఆమె ఆగింది. మింగాడు. అప్పుడు చెంచా ఎత్తింది. వాడు నోరు తెరిచాడు.

రెండో చెంచాకి ఆమె తెలీకుండానే, సరళీ స్వరాలు చెప్పే మాయామాళవగౌళలో ఏదో కూనిరాగం తీసింది. వాడు కాళ్ళు ఆడించాడు. మూడు, నాలుగు, ఐదు. వాడి నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో ఆమె చేతికి తెలిసిపోతోంది.

"ఏరా దొంగా, ఇందాక ఏం రోగం నీకు?" అంది. ఆ గొంతు ఆ ఇంట్లో పాట నేర్చుకునే పిల్లలెవరూ ఎప్పుడూ వినలేదు.

గేటు కిర్రుమంది. కుసుమ వస్తోంది.

హైమవతి నడుము నిటారైంది. చూడాలి, ఇది చూసి తీరాలి అనుకుంది. చెంచా నిండా గుజ్జు తీసి పైకెత్తి, గుమ్మం వైపు తిరిగి, "చూశావటే కుసుమా! నా చేత్తోనే సగం గిన్నె..." అంటూ పెట్టింది.

పిల్లాడు కెవ్వుమన్నాడు.

"అక్కా! చెవి, చెవి!" కరివేపాకు కింద పడేసి కుసుమ పరిగెత్తుకొచ్చింది. గుజ్జంతా వాడి చెవి మడతలో నిండి మెడ మీదికి కారుతోంది. ప్రణతి ముందు కంగారుపడింది, తరవాత నవ్వు ఆపుకోలేక కిందపెదవి కొరుక్కుంది. కుసుమ నవ్వలేదు. తన చున్నీ అంచు తడిపి ఇచ్చింది. హైమవతి దాన్ని అందుకుని చెవి తుడిచింది. మడత మడతా తుడిచింది. ఇంకేమీ మిగలకపోయినా తుడుస్తూనే ఉంది. పిల్లాడు ఏడుపు మానేసి ఆమె గాజులు పట్టుకున్నాడు.



"క్లాసు దానికే ఇచ్చేశారా అమ్మగారూ?" అని అడిగింది హైమవతి తలెత్తకుండా. సంచి ఆమె పక్కనే ఉంది.

వేదవల్లిగారు వంగి నేల మీది కరివేపాకు రెమ్మలు ఏరుకున్నారు. మోకాలు నొప్పికి ఒకసారి ఊపిరి బిగబట్టి, మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు. ఒక్కో రెమ్మ దులిపి పక్కన పెట్టారు. తరవాత పిల్లాడి గడ్డం కింద వేలు పెట్టి, వాడి మొహాన్ని హైమవతి ఎదురుగా తిప్పారు.

"గిన్నెలో ఇంకా సగం ఉంది హైమా," అన్నారు. "నోరు ఇటుంది."