అందరూ చదివేసిన కేసు

ప్రహ్లాద్‌కి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

అతని మొదటి సినిమా విడుదలకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. వకీలు వేషంలో హీరో నల్లకోటు వేసుకుని వేలు చూపిస్తున్న పోస్టరు పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన మూడంతస్తుల ఎత్తున నిలబడింది. ఆ దారిన వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా దర్శకుడుగారు తల పక్కకి తిప్పుకుని పోతున్నాడు.

భయం ఎందుకంటే, కథ ఊరందరికీ తెలుసు. "కుంకుడుచెట్టు కేసు" నవల వారపత్రికలో డెబ్బై వారాలు వచ్చింది. తర్వాత పుస్తకంగా ఇరవై మూడుసార్లు అచ్చయింది. చదవనివాళ్ళకి చదివినవాళ్ళు పిలిచి మరీ చెప్పేశారు. భర్త కుంకుడుచెట్టు కింద చచ్చి పడుంటాడు. భార్య సూరమ్మ మీద కేసు పెడతారు. చివరికి చంపింది మరిది అని తేలి, సూరమ్మ విడుదలవుతుంది.

మొన్న అపార్టుమెంటు వాచ్‌మన్ గేటు తీస్తూ, "మరిదే గదా సార్ సంపింది? మా ఇంటామె చెప్పింది" అన్నాడు. చాలా ప్రేమగానే అన్నాడు. ప్రహ్లాద్ పైకెళ్ళి మంచం మీద బోర్లా పడుకున్నాడు.

ఆ తర్వాత అరవైమందికి ట్రయల్ షో వేశారు. క్లైమాక్స్‌లో హీరో "ఆ హంతకుడు ఈ హాల్లోనే ఉన్నాడు" అని గిర్రున తిరిగేసరికి, మూడో వరసలో ఒక పెద్దాయన తీరిగ్గా చెప్పులు తొడుక్కుంటున్నాడు. వెనకనుంచి ఎవరో "మరిది" అని అందించారు కూడా.

నిర్మాత వీరభద్రంగారు అరిచే మనిషి కాదు. అదే మరీ భయం.

"హంతకుణ్ణి మార్చేద్దాం బాబూ" అన్నాడాయన నెమ్మదిగా. "డాక్టర్ని చేద్దాం. కాదంటావా, అత్తగార్ని చేద్దాం. కోర్టు సెట్టు ఇంకా విప్పలేదు. హీరోగారు ఒక్కరోజు ఇస్తానన్నారు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేస్తాను. ఎవర్ని చేస్తున్నావో చెప్పు."

ఆ మాట రచయిత్రికి ఎలా చెప్పడం? నవల రాసిన పద్మాసనిగారు ముప్పై ఏళ్ళు కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయిన మనిషి. హక్కులు ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది. "ఏం మార్చుకున్నా మార్చుకో నాయనా, ముగింపు మాత్రం ముట్టుకోకు. నేను నవల మొదలుపెట్టిందే అది రాయడానికి." ప్రహ్లాద్ ఆవిడ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. మాట తప్పితే ఆవిడ ముఖం చూడలేడు. తప్పకపోతే మొదటి సినిమాయే ఆఖరి సినిమా. సినిమా ఫీల్డులో రెండో అవకాశం గురించి మాట్లాడుకుంటారు గానీ, దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ.

మర్నాడు పొద్దున్నే హార్డ్ డిస్క్ జేబులో వేసుకుని గురువుగారింటికి పోయాడు.

గురువుగారంటే ఎడిటర్ కామయ్యగారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మద్రాసులో ఫిలిం కత్తిరించిన చెయ్యి. ఇప్పుడు మోతీనగర్‌లో రెండు గదుల వాటా, ఒక పాత కంప్యూటరు. ప్రహ్లాద్ ఆయన దగ్గర నాలుగేళ్ళు అసిస్టెంటుగా ఉన్నాడు. ఆ నాలుగేళ్ళలో ఆయన పాఠం చెప్పగా ఎప్పుడూ వినలేదు. ఫిలిం రోజుల్లో కూడా అంతేనట. శిష్యుడు తప్పుగా కోస్తే ఆ ముక్క తీసి వాడి జేబులోనే పెట్టి, తను వెళ్ళి కాఫీ తాగేవారట.

ప్రహ్లాద్ వెళ్ళేసరికి ఆయన చాప మీద కూర్చుని గోంగూర ఆకు తుంపుతున్నారు.

"ఏరా, చిక్కిపోయావే?"

"క్లైమాక్స్ నిలబడటం లేదు గురువుగారూ. పదకొండు రకాలుగా కోశాను. ఏదీ కుదరలేదు, ట్రయల్ షోలో జనం లేచిపోయారు."

"ఎందుకని?"

"అందరూ చదివేశారండీ. హీరో నోరు తెరవకముందే వీళ్ళకి తెలుసు. తెలిసిన కథకి టెన్షన్ ఎక్కణ్ణించి తేను?"

కామయ్యగారు గోంగూర గిన్నె పక్కకి జరిపారు. "వెయ్యి, చూద్దాం."

ప్రహ్లాద్ వేశాడు. మొదటి రకం అయింది. రెండో దాంట్లో వేగం పెంచాడు. ఐదో దాంట్లో తీర్పు ముందొచ్చి హత్య తర్వాతొస్తుంది. ఎనిమిదోది డప్పులతో గోడలు అదరగొట్టింది. పక్కవాటావాళ్ళు కిటికీ వేసుకున్నారు. పదకొండూ అయ్యేసరికి పదకొండున్నర దాటింది. కామయ్యగారు గోంగూర గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. బల్లమీద ఫోను రెండుసార్లు గుర్రుమంది. ప్రహ్లాద్ దాన్ని బోర్లా తిప్పాడు. బోర్లా కూడా గుర్రుమంది.

చివరికి అతనే మొదలుపెట్టాడు. "కోర్టు మాత్రం అచ్చం నిజం కోర్టేనండీ. అందులో వంక పెట్టడానికి లేదు. పదిహేను రోజులు సెషన్స్ కోర్టులో కూర్చుని రాసుకున్నాను. మన సినిమాల్లోలాగా ముద్దాయిని తీసుకొచ్చి జడ్జి ముందు నిలబెట్టలేదు. నిజంగా ఎక్కడ నిలబెడతారో అక్కడే, వెనక గోడ దగ్గర పెట్టాను. జడ్జి తీర్పు కూడా ఇంగ్లీషులోనే, నోట్లో నోట్లోనే చదువుతాడు."

"మంచిదే" అన్నారు కామయ్యగారు. "ఈ సీనులో షాట్లు ఎవరెవరి మీద కోశావు?"

"మాట్లాడేవాళ్ళందరి మీదా ఉన్నాయండీ. హీరోగారు, సర్కారు ప్లీడరు, జడ్జి, మరిది. ఒక్క డైలాగు కూడా మిస్ అవలేదు."

"ఊఁ. మాస్టర్ తీశావా?"

మాస్టర్ అంటే, సీను మొత్తాన్ని దూరంనుంచి, హాలంతా కనిపించేలా, మొదలునుంచి చివరిదాకా ఒకే ఊపులో తీసే షాటు. తర్వాత దగ్గరి షాట్లు తీసుకున్నాక దాని మొహం ఎవరూ చూడరు. ప్రహ్లాద్ కూడా సీను మొదట్లో మూడు సెకన్లు వాడి వదిలేశాడు.

"తీశానండీ. ఏడు నిమిషాలు. అందులో ఏముంది, అందరూ చీమల్లా ఉంటారు."

"కోయకుండా వెయ్యి. సౌండు తీసెయ్యి."

కామయ్యగారు లేచి, భుజమ్మీది తువ్వాలు తీసి దులిపి, కంప్యూటరు మీద వేలాడేశారు. తెర మూడొంతులు మూసుకుపోయింది. జడ్జి లేడు. హీరో లేడు. సర్కారు ప్లీడరు మోచెయ్యి ఒక్కటి మిగిలింది, ఆయన తువ్వాలు ఇంకొంచెం లాగితే అదీ పోయింది.

"గురువుగారూ, హీరోగారు కనపడటం లేదు."

"పోన్లేరా, ఆయన పోస్టర్లో ఉన్నాడుగా."

తెర ఎడమ మూల మాత్రం మిగిలింది. వెనక గోడ, కర్ర కటకటాలు, వాటి ముందు రెండు బెంచీల జనం, ఒక కానిస్టేబులు. కటకటాల వెనక సూరమ్మ వేషంలో ఉన్న అమ్మాయి. పేరు దమయంతి, శ్రీకాకుళం నుంచి వచ్చిన నాటకాల పిల్ల. ఈ సీనులో ఆమెకి ఒక్క మాట కూడా లేదు. మాట లేదు గనక ఆమె మీద ప్రహ్లాద్ ఒక్క షాటూ తియ్యలేదు. ఆ రోజు పొద్దున అక్కడ నిలబెట్టి, సాయంత్రం వెళ్ళిపొమ్మన్నాడు.

ఆమె మాత్రం ఊరికే నిలబడలేదు.

ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ నోటివంక చూస్తోంది. అర్థమై కాదు. అర్థం కాకే అలా చూస్తోంది. హాల్లో జనం దేనికో నవ్వారు. బెంచీల మీద భుజాలు కదిలాయి. ఆమె కూడా ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది. నవ్వవచ్చో కూడదో తెలియక, వెంటనే కొంగుతో మూతి తుడుచుకుంది.

కానిస్టేబులు కాలు మార్చి నిలబడ్డాడు. తీసుకుపోవడానికే అనుకుంది కాబోలు, ఆమె చెప్పుల కోసం కాలితో నేలంతా తడిమింది. అతను కదల్లేదు. మళ్ళీ ఎప్పటిలా నిలబడింది.

ప్రహ్లాద్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఆమె ఇప్పుడు రెండు చేతులతో కటకటాలు పట్టుకుంది. జడ్జి ఉన్న వైపే చూస్తోంది. జడ్జి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టి ఉండాలి. ఆమె పెదాలు మెల్లిగా కదిలాయి. ఏదైనా ఒక్క మాట తెలిసిన మాట వస్తుందేమోనని వెతుక్కుంటున్నట్టుంది. తన పేరు వచ్చిందేమో, ఒకసారి ఉలిక్కిపడి తలెత్తింది. మంచికొచ్చిందో చెడుకొచ్చిందో తెలియదు. ముందు బెంచీ వాళ్ళ ముఖాలు చూడబోయింది. వాళ్ళు వీపులు తిప్పి కూర్చున్నారు.

ప్రహ్లాద్ అరచేతులు చెమట పట్టాయి. ప్యాంటుకి తుడుచుకున్నాడు. స్క్రిప్టు రాసింది అతనే. ఆ తీర్పులో ఏ లైను తర్వాత ఏ లైనో అతనికి కంఠతా వచ్చు. అయినా గుండె దడదడమంటోంది. ఎవరైనా ఒక్కరు వెనక్కి తిరిగి ఆ పిల్లకి చెబితే బాగుండునని ఉంది.

బెంచీల మీద జనం ఒక్కసారిగా లేచారు. చేతులు పైకెత్తారు. చప్పట్లు కొడుతున్నారు. హాలంతా తెలిసిపోయింది, ఆమెకి తప్ప. అందరూ లేచేసరికి ఆమె భయపడి జడ్జివైపు రెండు చేతులూ జోడించింది. అలా జోడించిన చేతులతోనే కానిస్టేబులు వైపు వంగి, ఏదో అడిగింది.

కానిస్టేబులు ఆమెవైపు తల తిప్పాడు. నోరు తెరిచాడు.

తెర నల్లగా అయిపోయింది. హీరో డైలాగు పూర్తయింది కదా, ఆ రోజు ప్రహ్లాద్ అక్కడే కట్ చెప్పాడు.

ప్రహ్లాద్ నల్లటి తెరవైపే చూస్తున్నాడు.

"ఆమెకి చెప్పాడా గురువుగారూ?" అన్నాడు.

కామయ్యగారు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు.

"నన్నడుగుతావేంట్రా? పుస్తకం చదివినవాడివి నువ్వు."

ఆయన వెళ్ళి మళ్ళీ చాప మీద కూర్చున్నారు. సరిగ్గా పన్నెండింటికి ఫోను మోగింది.

"చెప్పు బాబూ" అన్నాడు వీరభద్రంగారు నెమ్మదిగా. "హీరోగారు లైన్లో ఉన్నారు. చంపింది ఎవరు?"

"మరిదేనండీ."

ప్రహ్లాద్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆ ఒక్కరోజూ నాకు కావాలండీ. హీరోగారు రానక్కర్లేదు. సూరమ్మ వేషం వేసిన అమ్మాయినీ, కానిస్టేబులు వేషం వేసినాయన్నీ పిలవండి, చాలు."