భట్టీ కాపలా

హొన్నూరుకు కొంతకాలంగా అన్నం సహించడం లేదు. ఒంట్లో జబ్బేమీ లేదు. ఉన్న జబ్బల్లా మౌలాలి.

ఈ మౌలాలి ఫకీర్లుండే తకియాకు నిన్నగాక మొన్న వచ్చినవాడు. అంతకుముందు లారీల మీద క్లీనరుగా దేశమంతా తిరిగాడు. పిలిస్తే పలుకుతాడు, పిలవకపోయినా పలుకుతాడు. నమాజుకు చివర్లో వస్తాడు, భోజనానికి మొదట్లో వస్తాడు. అలాంటివాడు నోరు తెరిచి ఏదో ఒకటి అంటే చాలు, అక్కడి ఫకీరు పీరాసాబ్ బాబా పొట్ట పట్టుకుని నవ్వుతాడు. హొన్నూరు ఏళ్ల తరబడి ఆ బాబా దగ్గరే ఉన్నాడు. నీళ్లు తోడాడు, కాళ్లు పట్టాడు, ఆయన చెప్పిన ప్రతి మాటా కంఠతా పట్టాడు. అంత చేసినా ఆయన్ని ఒక్కసారి కూడా అట్లా నవ్వించలేకపోయాడు. అది గుర్తొస్తే చాలు, ముద్ద గొంతులో ఆగిపోయేది.

ఆ తకియా గుంతకల్లుకు కొంత దూరంలో, రైలు పట్టాల పక్కన ఉండేది. ఒక ముసలి ఫకీరు, ఆయన్ని నమ్ముకున్న నలుగురు శిష్యులు, రెండు గదులు, పెరట్లో రొట్టె కాల్చడానికి మట్టితో కట్టిన ఒక భట్టీ. ఉన్నదంతా అంతే. గురువారం వచ్చిందంటే మాత్రం అక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తాయెత్తు కోసం వచ్చేవాళ్లు కొందరు, బాబా నాలుగు మంచిమాటలు చెబుతాడని వచ్చేవాళ్లు కొందరు. నిజం చెప్పుకోవాలంటే ఎక్కువమంది వచ్చేది పండ్లరొట్టె కోసం.

బాబా పడుచువాడుగా ఉన్నప్పుడు రైల్వే కాలనీలో ఒక దొరసాని ఇంట్లో వంట చేసేవాడు. ఆమె నేర్పిన వంటకం అది. ఆమె దాన్ని కాబ్లర్ అనేది. జనం దానికి పండ్లరొట్టె అని పేరు పెట్టుకున్నారు. చేయడంలో పెద్ద విద్యేమీ లేదు. పెద్ద ఇనప మూకుట్లో మామిడిపండు ముక్కలో జామపండు ముక్కలో పరిచి, బెల్లం చల్లి, వెన్న వేసి కలిపిన మెత్తటి పిండిని ముద్దలు ముద్దలుగా పైన వేసి భట్టీలో పెట్టడమే. ముద్దకూ ముద్దకూ మధ్య సందుండాలి. ఆ సందుల్లోంచి పండు రసం కుతకుతమని పైకొచ్చి రొట్టె అంచుల్ని తడుపుతుంది. వేడివేడిగా ఆకులో వేసి ఇస్తే, మొక్కు సంగతి మరిచిపోయి వేళ్లు నాక్కునేవాళ్లు జనం.

ఆ రొట్టె ఇన్నేళ్లూ బాబానే చేశాడు. శిష్యులు పండ్లు తరిగేవాళ్లు, కట్టెలు చీల్చేవాళ్లు, మూకుడు మాత్రం ముట్టేవాళ్లు కాదు. ఈమధ్య బాబా చేతులు వణుకుతున్నాయి. బెల్లం చల్లబోతే సగం నేల మీద పడుతోంది. ఆ మూకుడు ఎవరి చేతికి ఇస్తే బాబా తర్వాత ఆయన చాప మీద కూర్చునేది వాడేనని తకియాలో అందరూ అనుకునేవాళ్లు. బాబా ఏనాడూ ఆ మాట అనలేదు. కానీ హొన్నూరు ఆ చాప మీద ఎట్లా కూర్చోవాలో, జనానికి ఏం చెప్పాలో అన్నీ మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు.

మామిడిపండ్ల కాలంలో ఒక గురువారం జనం మామూలు కంటే ఎక్కువ వచ్చారు. బాబా పొద్దున్నే పెరట్లోకి వచ్చి చూసుకున్నాడు.

"ఒక మూకుడు చాలదు ఈపొద్దు. హొన్నూరూ, ఒకటి నువ్వు చెయ్. మౌలాలీ, ఇంగొకటి నువ్వు చెయ్" అన్నాడు. అని వెళ్లి వచ్చినవాళ్ల మధ్య కూర్చున్నాడు.

ఆయన చెప్పింది అంతే. హొన్నూరు చెవికి మాత్రం అది పందెంలా వినిపించింది. నిన్న వచ్చినవాడికీ తనకూ ఒకే మాట, ఒకే పని! మొహం ఎర్రబడింది. పండ్ల గంప తన ముందుకు లాక్కున్నాడు. బిగువుగా, రంగు తిరిగిన పండ్లన్నీ తనవైపు ఏరుకుని, పీచున్నవీ దెబ్బ తగిలినవీ మౌలాలికి వదిలాడు. మౌలాలి అది గమనించనేలేదు. గమనించినా పట్టించుకునే రకం కాదు.

"అన్నా, పిండి యెంత పల్చనుండాల?" అని అడిగాడు.

"నీకు తోచినట్ల చేసుకో."

"నాకు తోచేది ఏముంది న్నా, నాకు తినేదే తోచేది" అని నవ్వి, తోచినట్టే కలిపాడు.

హొన్నూరు ముక్కల్ని ఒకే మందంలో కోసి వరసగా పేర్చాడు. బెల్లం మామూలుగా వేసి, ఒక్క నిమిషం ఆగి, ఎందుకైనా మంచిదని మరో గుప్పెడు వేశాడు. పిండి ముద్దలన్నీ అచ్చు పోసినట్టు ఒకే సైజులో పెట్టాడు. పక్కన మౌలాలి చేస్తున్నది చూస్తే ఒళ్లు మండిపోయింది. ఒక ముద్ద పెద్దది, ఒక ముద్ద చిన్నది. పాట పాడుకుంటూ వేలు నాక్కుంటూ మూకుణ్ణి అంచుదాకా నింపేశాడు. 'ఇది పొంగి భట్టీ అంతా పాడుచేస్తుంది. మంచిదే, చూడనీ అందర్నీ' అనుకున్నాడు హొన్నూరు.

భట్టీ మండి మండి మధ్యాహ్నం దాటాక లోపలి గోడలు తెల్లబడ్డాయి. హొన్నూరు నిప్పులన్నీ బయటికి లాగి, తడి గోనెపట్టతో లోపలి నేల తుడిచాడు. ఎప్పుడూ ఒక్క మూకుడే కాబట్టి సరిగ్గా మధ్యలో పెట్టేవాళ్లు. ఈసారి రెండు. ఒకటి లోపలికి పోవాలి, ఒకటి భట్టీ వాకిలి దగ్గర ఉండాలి. లోపలి వైపు వేడి ఎక్కువ, అక్కడ రొట్టె బాగా పొంగుతుంది. హొన్నూరు రెండో ఆలోచన లేకుండా పొడుగు చెక్కపారతో తన మూకుణ్ణి లోపలికంటా తోశాడు. మౌలాలిది వాకిట్లో పెట్టాడు. ఇనప రేకు అడ్డం పెట్టి చుట్టూ తడి గోనెపట్ట కుక్కుతుండగా బాబా వచ్చాడు.

"కాపలా నువ్వే కూచో" అన్నాడు హొన్నూరుతో. "అసర్ అజాన్ వినపడంగానే రేకు తీసి, ముందుది యెనక్కీ యెనకది ముందుకీ మార్చు. మాడిన వాసనొస్తే అజాన్ గూడా చూడొద్దు, వెంటనే తీయి."

"సరే బాబా."

"మౌలాలీ, నువ్వు పోయి ఆకులు కోసుకొని రాపో."

కాపలా తనకిచ్చాడు! మౌలాలిని ఆకులకు పంపాడు! హొన్నూరు కడుపులో కొంచెం చల్లబడింది. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కాసేపటికి కమ్మటి వాసన మొదలైంది. వెన్న, బెల్లం, మామిడిపండు. అది తన మూకుడి వాసనేనని అతనికి అనుమానం లేదు.

ఊళ్లోంచి సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినిపించింది. భట్టీ దగ్గర ఉన్నవాడు నమాజు తర్వాత చేసుకోవచ్చని బాబా ఎప్పుడో చెప్పి ఉన్నాడు. హొన్నూరు లేచి చెక్కపార అందుకున్నాడు. రేకు మీద చెయ్యి వేశాడు.

వేసి ఆగిపోయాడు.

ఇప్పుడు మారిస్తే మౌలాలి మూకుడు లోపలికి పోతుంది. ఆ మంచి వేడి వాడికి దక్కుతుంది. తనది వాకిట్లోకి వచ్చి చల్లబడి చప్పిడిగా ఉండిపోతుంది. పీచు పండ్లూ పిచ్చి ముద్దలూ వేసినవాడి రొట్టె పొంగి, తనది పడుకుంటుంది. బాబా వాడి రొట్టె తిని నవ్వుతాడు. ఆ నవ్వు ఇప్పుడే చెవుల్లో పడినట్టయింది.

"ఇంగ కొంచేపాగి మారుస్తాలే" అని తనలో తనే అనుకుని, పార గోడకు ఆనించాడు. ఆ కొంచెంసేపు ఎంతకీ కాలేదు.

అప్పుడు మాడు వాసన వచ్చింది.

మొదట సన్నగా వచ్చింది. తర్వాత అనుమానం లేకుండా వచ్చింది. బెల్లం మాడుతున్న వాసన. హొన్నూరు ఉలిక్కిపడి లేచాడు. లేచాక అర్థమైంది. మౌలాలిదే! అంచుదాకా నింపాడు కదా, పొంగి కింద కారి ఉంటుంది. ఇంకేముంది, అయిపోయింది వాడి పని.

హొన్నూరుకు ఎంత సంతోషమైందో చెప్పలేం. పండగనాడు కూడా అంత సంతోషపడి ఎరగడు. ఎన్నాళ్లనుంచో గుండె మీద ఉన్న బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టనిపించింది. బాబా రేకు తీయడం, మౌలాలి మూకుడు చూసి మొహం చిట్లించడం, లోపలినుంచి తన మూకుడు బంగారంలా రావడం, బాబా తన భుజం మీద చెయ్యి వేయడం, అన్నీ కళ్ల ముందు కనిపించాయి. రేకు తీయడానికి చెయ్యి రాలేదు. పైగా వాసన బయటికి పోతే బాబా ముందే వచ్చేస్తాడని భయం వేసింది. గోనెపట్ట మళ్లీ నీళ్లలో ముంచి తెచ్చి, సందులన్నీ గట్టిగా కుక్కాడు.

మౌలాలి ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వస్తూనే ముక్కు ఎగబీల్చాడు.

"అన్నా, ఏందో మాడినట్లుండాదే?"

"యాడ మాడింది? పట్టాలకాడ చెత్త కాలుస్తాండారు. పో, ఆకులు తుడుచుకోపో."

మౌలాలి పట్టాల వైపు చూశాడు. అక్కడ పొగేమీ కనిపించలేదు. అన్న చెప్పాడు కాబట్టి అంతేననుకుని వెళ్లిపోయాడు.

నమాజు అయి బాబా వచ్చాడు. వెనకే జనం ఆకులు పట్టుకుని వరస కట్టారు. "తీయి" అన్నాడు బాబా.

హొన్నూరు గోనెపట్ట లాగి రేకు తీశాడు. వాకిట్లో ఉన్న మౌలాలి మూకుడు ముందు బయటికి వచ్చింది. ముద్దలు పెద్దవీ చిన్నవీ అన్నీ ఎర్రగా కాలి ఉన్నాయి. సందుల్లో పసుపుపచ్చటి రసం ఇంకా ఉడుకుతోంది. ఎక్కడా పొంగి కారలేదు. ఎక్కడా మాడలేదు.

హొన్నూరు పార లోపలికి తోసి రెండోది లాగాడు. నల్లటి పొగ మొహాన కొట్టింది. అచ్చు పోసినట్టున్న ముద్దలన్నీ బొగ్గులయ్యాయి. ఎందుకైనా మంచిదని వేసిన బెల్లం మూకుడికి తారులా పట్టుకుంది.

వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. బాబా ముందుకొచ్చి, ఉన్న ఒక్క మూకుణ్ణే తన వణికే చేత్తో అందరికీ పంచడం మొదలుపెట్టాడు. మొదటివాళ్లకు ముద్ద, మధ్యవాళ్లకు అరముద్ద, చివరివాళ్లకు గరిటెడు రసం. గుత్తి నుంచి రైలెక్కి వచ్చిన ముసలామెకు అది కూడా అందలేదు. ఆమె ఖాళీ ఆకును కళ్లకద్దుకుని, వచ్చే వారం వస్తాలే బాబా, అని వెళ్లింది. హొన్నూరు భట్టీ పక్కన నిలబడి అంతా చూశాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండునని అనిపించింది.

జనం వెళ్లిపోయాక మౌలాలి వచ్చాడు. ఖాళీ మూకుడు అంచులు గీకితే దొరికిన ముక్కను రెండుగా తుంచి, ఒక ముక్క ఆకులో పెట్టి తెచ్చాడు.

"తిను న్నా. పొద్దున్నించీ ఏం తినలే నువ్వు. మూకుడుదేముంది, ఇంగోసారి చేద్దాంలే."

వద్దంటే ఇంకా సిగ్గుచేటు. హొన్నూరు నోట్లో పెట్టుకున్నాడు. పండు పీచుగా ఉంది. అయినా బాగుంది. అది బాగుండడమే అతనికి భరించరానిదయింది. మౌలాలి అటు వెళ్లగానే కళ్లు తుడుచుకున్నాడు.

బాబా వచ్చి పక్కన కూర్చున్నాడు. మాడిన మూకుణ్ణి ఇద్దరి మధ్యకు లాక్కుని, పుల్లతో ఒక పెచ్చు ఊడదీశాడు.

"వాసన రాలేదా?"

రాలేదని చెప్పొచ్చు. బాబా నమ్మేవాడే. హొన్నూరు నోరు తెరిచాడు, కానీ అబద్ధం రాలేదు.

"వచ్చె బాబా."

"మరి తీయలేదే?"

హొన్నూరు మాడిన మూకుడి వైపే చూశాడు.

"నాది గాదనుకొంటి, బాబా."

ఆ మాట బయటికి వచ్చాక గానీ అదేం మాటో హొన్నూరుకు తెలియలేదు. విన్నాక తల ఎత్తలేకపోయాడు. పట్టాల మీద గూడ్సుబండి ఒకటి పోయింది. పెట్టెలన్నీ దాటిపోయేదాకా బాబా పుల్లతో మూకుడు గీకుతూనే ఉన్నాడు.

"వచ్చే గురువారం ఒక్క మూకుడే పెడదాం" అన్నాడు చివరికి.

హొన్నూరు కళ్లెత్తాడు. "ఎవరిది బాబా?"

"మౌలాలిది." బాబా పుల్ల అతని చేతికిచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు. "కాపలా నువ్వే కూచో."