పిడికెడు బిళ్ళలు

భీమవరం దగ్గర ఒక ఊళ్ళో అబ్బిరాజు అనే రొయ్యల రైతు ఉండేవాడు. జ్ఞాపకశక్తిలో దిట్టే గానీ, గెలుపు ఖాయమనిపిస్తే మాత్రం ఆ మనిషికి పట్టపగ్గాలుండేవి కావు.

ఏటా రొయ్యల పట్టుబడి అయ్యాక అతడు భార్య సుభద్రాయమ్మతో గోవా వెళ్ళేవాడు. అక్కడ నదిలో నిలిపిన ఓడలో 'ఇరవై ఒకటి' అనే పేకాట ఆడేవాడు. పోటీ ఓడ తరఫున ఆట నడిపేవాళ్ళతో. ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా ఎవరిది దానికి దగ్గరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. చిన్న ముక్కలు ముందే పడిపోతే కట్టలో పెద్దవి ఎక్కువ మిగులుతాయి. అప్పుడు ఆడేవాడి వైపు కాస్త మొగ్గు ఉంటుంది. పడిన ముక్కలన్నీ అబ్బిరాజు మనసులోనే లెక్క వేసుకునేవాడు. అందులో అతడికి తిరుగులేదు.

అయితే అతడి దూకుడు సంగతి అతడికీ తెలుసు. అందుకే ఆలుమగలు ఒక ఒప్పందం చేసుకున్నారు. లెక్క ఆయనది, సంచి ఆవిడది. డబ్బుకు బదులు ఓడలో ఇచ్చే రంగు బిళ్ళల సంచి ఎప్పుడూ సుభద్రాయమ్మ ఒళ్ళోనే ఉండేది. మొగ్గు లేకపోతే ఒక బిళ్ళ, కొంచెం ఉంటే రెండు మూడు, బాగా ఉంటే పిడికెడు. అంతకు మించి ఆవిడ చెయ్యి కదిలేది కాదు.

ఆ ఏడు రొయ్య ధర పడిపోయింది. చెరువుల కౌలుకు దాచిన డబ్బు తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని పెంచుకొస్తే మేత ఖర్చుకు బెంగ ఉండదని అబ్బిరాజు అదే పట్టుకుని బయల్దేరాడు. సుభద్రాయమ్మ వద్దని నచ్చజెప్పి చూసింది. వినకపోయేసరికి తనూ వెంట వెళ్ళింది.

మధ్యాహ్నం దాకా ఆట చప్పగా సాగింది. తర్వాత వరసగా రెండ్లూ మూడ్లూ నాలుగులూ పడ్డాయి. అంత మొగ్గు అబ్బిరాజు ఏనాడూ చూడలేదు.

"సంచి ఇలా ఇవ్వండి," అన్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో భార్యనైనా 'అండీ' అనే పిలుస్తారు, ఒళ్ళు మండినప్పుడు కూడా.

"మొత్తమా?"

"మొత్తమేనండి! ఇలాంటి కట్ట మళ్ళీ దొరకదు."

"నీళ్ళు బాగున్నాయని రొయ్యపిల్లంతా ఒకే చెరువులో వదిలేస్తారా మీరు? ఎంత మంచి నీళ్ళలోనైనా తెల్లమచ్చ తెగులు రావచ్చని నాలుగు చెరువుల్లో వదులుతారు కదా!"

"ఇది చెరువు కాదండి, లెక్క!"

"ఈ ఒక్క ఆట గెలుస్తారని చెబుతోందా మీ లెక్క? ఇలాంటివి ఎన్నో ఆడితే కాసిన్ని ఎక్కువ గెలుస్తారని, అంతేగా!" అంటూ పిడికెడు బిళ్ళలు ముందు పెట్టింది.

అబ్బిరాజుకు రెండూ పదులే పడ్డాయి. మొత్తం ఇరవై! ఆట నడిపే అమ్మాయి ముందున్నది ఆరు. "చూశారా, నోటి దగ్గర కూడు పడగొట్టారు," అని భార్యను కొరకొరా చూశాడు. ఆ అమ్మాయి మూసిన ముక్క తిప్పింది. అయిదు. ఇంకో ముక్క తీసింది. పది. ఇరవై ఒకటి!

పిడికెడు బిళ్ళలూ పోయాయి. సంచి మొత్తం పెట్టి ఉంటే ఆ క్షణంతో కౌలు డబ్బు పోయేది, చెరువులు మరొకరివయ్యేవి.

"మొగ్గు ఇంకా ఉందాండీ?" సుభద్రాయమ్మ మామూలుగానే అడిగింది.

అతడు లెక్క చూసుకున్నాడు. "ఉంది."

"అయితే పట్టండి," అని మరో పిడికెడు ఇచ్చింది. అది గెలిచింది. ఆ తర్వాతది పోయింది, ఆపైన రెండు వచ్చాయి. పొద్దు వాలేసరికి కౌలు డబ్బు చెక్కుచెదరలేదు, పైన కొంత మేతకూ మిగిలింది.

ఒడ్డుకు తీసుకెళ్ళే పడవలో అబ్బిరాజు భార్య వైపు తిరిగాడు. "నా లెక్క తప్పలేదు కదండీ?" అన్నాడు.

"లేదండి. ఒక్క ముక్క కూడా తప్పలేదు."

"అయినా మునిగిపోయేవాణ్ణి. మీరు లేకపోతే ఈ ఏడు మనకు చెరువే లేదు," అంటూ అందరి ముందూ ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, జనం చూస్తున్నారు, దించండి!"

"చూడనివ్వండి. ఎవరి వల్ల బతికానో వాళ్ళకీ తెలియాలి," అన్నాడు అబ్బిరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

నీతి: మొగ్గు మన వైపు ఎంత ఉన్నా, ఓడిపోయినా మళ్ళీ ఆడగలిగినంతే పందెం కాయాలి, అంతకు మించకుండా మన చెయ్యి పట్టుకుని ఆపినవారి మేలు ఎన్నటికీ మరవకూడదు.