నిట్రాడు లేని గిడ్డంగి

విజయనగరానికి అవతల కొత్తరేవులలో దాలినాయుడనే రైతుసంఘం పెద్ద ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, చేత్తో తట్టి చూడనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. గుడికి వెళ్ళినా ముందు ధ్వజస్తంభాన్ని తట్టి, ఆనక దండం పెట్టేవాడు.

ఆ ఊరి పాత గిడ్డంగి, ఎనిమిది స్తంభాలున్నది, నిరుడు తుఫానుకు కూలిపోయింది. రెండువందల గడపల విత్తనపు వడ్లు తడిసి మొలకలెత్తాయి. ఈ ఏడూ అలాగే పోతే నాటుకోవడానికి గింజ ఉండదు. అందుకని కొత్తరకం కప్పు వేయించారు. ఇనుప రేకును అక్కడికక్కడే యంత్రంలో పెట్టి విల్లులా వంచి, అంచుకు అంచు మడిచి కలిపేశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు డెబ్భై అడుగులు. దూలం లేదు, వాసం లేదు, నడుమ ఒక్క స్తంభం లేదు. ఆ పని చేయించిన మేస్త్రి అసిరమ్మ.

ఆ ప్రాంతంలో కొత్తగా ఏ ఇల్లు కట్టినా నడిమి గుంజకు, అదే నిట్రాడుకు, పసుపు రాసి బొట్టు పెట్టనిదే గింజ లోపలికి తేరు. పూజ రోజున నాయుడు పసుపు గిన్నెతో గిడ్డంగి నడుమకు వచ్చి ఆగిపోయాడు. బొట్టు దేనికి పెట్టాలి?

“నరసింహస్వామి స్తంభంలోంచే కదమ్మా వచ్చాడు. స్తంభమే లేకపోతే ఆపదలో స్వామి ఎక్కణ్ణుంచి వస్తాడు?” అన్నాడు.

“ప్రహ్లాదుడు అన్నిట్లోనూ ఉన్నాడన్నాడు గాని, స్తంభంలోనే ఉన్నాడన్లేదు బాబూ,” అంది అసిరమ్మ.

జనం నవ్వారు. నాయుడికి రోషం వచ్చింది. ఆ పూటే తాటిమొద్దు తెప్పించి కప్పు కింద నడుమ నిలబెట్టించి, దానికే పసుపు రాసి బొట్టు పెట్టాడు. గుంజ లేని ఆకాశం కింద అరవై ఏళ్ళు నిశ్చింతగా నిద్రపోయినవాడే, మరి!

వద్దని అసిరమ్మ ఎంతో చెప్పింది. ఈ కప్పు తన బరువును రెండు గోడలకూ తానే దింపుకుంటుందని, ఎండకు లేస్తుందని, చల్లబడితే దిగుతుందని, దాని ఊపిరికి అడ్డం పెట్టొద్దని. గూడుబండికి నడుమ గుంజ పాతుతామా అని కూడా అడిగింది. నాయుడు వింటేనా? మిట్టమధ్యాహ్నం కప్పు పైకి లేచి, మొద్దుకూ రేకుకూ మధ్య రెండు వేళ్ళ సందు వచ్చింది. పట్టు చాల్లేదంటూ మొద్దు కింద చెక్కలు దిగ్గొట్టించి బిగించాడు.

“అంత నమ్మకముంటే గాలివానలో దీని కింద కూచో,” అన్నాడు.

“కూచుంటాను. మీ నిట్రాడు కింద మాత్రం కూచోను,” అంది.

ఆ పందెం ఏదో చూద్దామని దేవుడికీ అనిపించిందేమో, నాలుగో నాడే తుఫాను వచ్చిపడింది. విత్తనపు బస్తాలన్నీ లోపలే ఉన్నాయి. పొద్దున్నే అసిరమ్మ చంకన చాప పెట్టుకుని వచ్చి, తూర్పు గోడ పక్కన చతికిలబడింది. నాయుడు తాటిమొద్దును కావలించుకుని నిలబడ్డాడు. గాలి ఊళపెట్టింది. కప్పు మద్దెలలా మోగింది. భయం లేదా అని నాయుడు కేకేశాడు. నా చేత్తో కలిపిన కప్పు కింద నేనే భయపడితే ఇంకెవరు నిలబడతారని ఆమె తిరిగి కేకేసింది.

అంతలో నాయుడి నడినెత్తిన టప్పున ఒక చుక్క పడింది. వెనకే ధార. అంత కప్పులో ఇంకెక్కడా చెమ్మ లేదు! వాన చలికి దిగుతున్న రేకును మొద్దు కొన పొడిచింది. సరిగ్గా అక్కడే మడత విచ్చుకుంది. ధార బస్తాల మీద పడుతోంది. నెర్ర కళ్ళముందే సాగుతోంది.

“కొట్టండి బాబూ ఆ చెక్కల్ని!” అంది అసిరమ్మ.

నాయుడు సమ్మెట ఎత్తి ఆగాడు. గుంజ తీస్తే కప్పు నెత్తిన పడదూ? బస్తాల వైపు చూశాడు. నరసింహా అని కళ్ళు మూసుకుని కొట్టాడు. మొద్దు దబ్బున కూలింది. కళ్ళు తెరిచాడు. కప్పు ఎక్కడిదక్కడే ఉంది. నెర్ర సాగడం ఆగింది. ఇద్దరూ బస్తాలు పక్కకు లాగి, ధార కింద గంగాళం పెట్టారు. తడిసినవి నాలుగే బస్తాలు.

వాన వెలిశాక నాయుడు పసుపు గిన్నె తెచ్చి, ఎక్కడ పెట్టమంటావమ్మా అని అడిగాడు. కప్పు వంగి వచ్చి గోడ మీద ఆనే చోటును అసిరమ్మ చూపించింది. నాయుడు అక్కడ బొట్టు పెట్టి దండం పెట్టాడు. ఈసారి తట్టి చూడలేదు.

కాబట్టి నాయనలారా, తల్లులారా, మోయగలవాణ్ణి నమ్మి మోయనివ్వాలి. అనుమానంతో పెట్టిన ఆసరా నిలబెట్టదు, చిల్లు పొడుస్తుంది.